పాస్నెట్ దొర - మెదకు చర్చి

హైదరాబాదునకు ఉత్తరముగా సుమారు 60 మైళ్ళ దూరమున మెదకు పట్టణము కలదు. కొండమీద కాకతీయుల నాటి కోట, దాని క్రింద ఊరు, చుట్టును చెఱువులు, వరిమళ్ళు - ఇది పూర్వపు మెదకు. మెతుకుసీమ యను మాటయే కాలక్రమమున మెదకైనదని ఆ ప్రాంతపువారు చెప్పుకొందురు. అన్నపు మెతుకు పేరు దాల్చిన ఆ సీమలోనే, మెతుకు దొరకని దినములలో, ఒక గొప్ప రాతిభవనము లేచినది. 1914లో ఆరంభమై 1924లో ముగిసిన ఆ భవనమే మెదకు చర్చి. దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ జీవితమును ఇచట తెలిసికొందము.

పాస్నెట్ 1870వ సంవత్సరమున జన్మించిన ఆంగ్లేయుడు. ఆయన వెస్లియను మెథడిస్టు సంఘమునకు చెందినవాడు. 18వ శతాబ్దమున జాన్ వెస్లీ అను బోధకుడు గనులలో పనిచేయువారిని, చేతిపనులవారిని వెదకికొని పోయి, చర్చిగడప త్రొక్కని జనులకు బయళ్ళలో నిలిచి బోధించెను. ఆయన అనుచరులతో ఏర్పడిన సంఘమిది. పేదవాని వాకిటికి బోధకుడే నడచిపోవలెనను తలంపు ఆ సంఘమువారికి మొదటినుండియు కలదు. పాస్నెట్ నడవడిని గ్రహించుటకు ఈ విషయము తెలిసియుండుట మంచిది.

1895లో ఆయన మనదేశమునకు వచ్చెను. సికిందరాబాదు చెంతనున్న తిరుమలగిరి దండులో ఆంగ్ల సైనికుల నడుమ బోధకుడుగా పనిచేయ నారంభించెను. చుట్టును స్వదేశీయులే, వినబడునది స్వభాషయే. అయినను ఆయన మనస్సు అచట నిలువలేదు. దండు దాటినంతనే కనబడు పల్లెలవైపునకే ఆయన చూపు మరలుచుండెను. 1896లో ఆయన గుఱ్ఱమెక్కి మెదకు చేరెను.

ఆనాడు హైదరాబాదు రాజ్యమును ఆఱవ నిజాము మీర్ మహబూబు అలీఖాను పాలించుచుండెను. పాలమూరునకు మహబూబునగరమను పేరు ఆయన పేరుననే వచ్చినది. దక్షిణమున కృష్ణా తుంగభద్రల నడుమ గద్వాల, కృష్ణకు ఈవల వనపర్తి మున్నగు సంస్థానములు ఆ రాజ్యమునకు లోబడి యుండెను. ఏలువారెవ్వరైనను పల్లెలోని పేదవాని బ్రతుకు ఒక్క తీరుననే సాగుచుండెను. వాన కురిసిన కూలి, కురియకున్న వలస.

మెదకులో అప్పటికి క్రైస్తవులు సుమారు 200 మంది మాత్రమే యుండిరి. పాస్నెట్ తెలుగు నేర్చి ఊరూరు తిరిగెను. ఊరికి దూరముగా వాడలలో నివసించు మాల మాదిగల యొద్దకు ఆయన పోయెను. ఆ కాలమున వారు ఊరిబావిలో నీరు తోడుకొనరాదు. వారి పిల్లలు ఇతరుల పిల్లల సరసన బడిలో కూర్చుండరాదు. అట్టి వాడలలోనికి ఆయన సంఘమువారితోపాటు చదువు ప్రవేశించినది. ఆయన సోదరి ఎమిలీ పాస్నెట్, ఆమె సహచరి సారా హ్యారిస్ మెదకునకు వచ్చి అచటి స్త్రీల నడుమ పనిచేసిరి. మతము మార్చుటకే ఇదంతయు చేసిరని ఆక్షేపించువారు కలరు. పాస్నెట్ మతబోధకుడు, తన ఉద్దేశమును ఆయన దాచలేదు. అక్షరము చేరని వాడకు అక్షరము చేరినదన్న మాటయు అంతే సత్యము.

ఈ దేశమున కరవు క్రొత్త కాదు. 1876-78 నాటి ధాత కరవును కన్నులార చూచినవారు పాస్నెట్ వచ్చునాటికి పల్లెలలో ఇంకను ఉండిరి. ఆయన వచ్చిన కొలది యేండ్లకే, 1899-1900లో, మఱియొక కరవు దక్కనును పీడించెను. కరవు నడక ఎల్లప్పుడు నొక్కటే. మొదట పశువులు పోవును. పిమ్మట ఇంటిలోని ఇత్తడి బిందెలు అంగడికి పోవును. కడపట మనుష్యులు ఇంటికి తాళము వైచి ఊరు విడుతురు. పాలమూరు సీమవారికి దీనిని వేఱుగా చెప్పనక్కఱలేదు. గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు ప్రాంతముల పల్లెలనుండి తట్ట, పార చేతబట్టి వెడలిన కూలీలు దేశము నలుమూలల కట్టడములకు, కాలువలకు, ఆనకట్టలకు చెమటోడ్చిరి. పాలమూరు కూలీలన్న పేరు ఎక్కడెక్కడనో పరిచితమైనది. కరవునాడు గంజి పోసినచో ఆ పూట గడచును. పని చూపినచో ఇల్లు గడచును. మెదకులో ఏండ్ల తరబడి నివసించిన పాస్నెట్ ఈ భేదమును ఎఱిగినవాడు.

మెదకులో బోధకుల నివాసమునకై ఒక మేడ కట్టబడినది. ప్రార్థనకు మాత్రము తక్కువ ఎత్తుగల చిన్న మందిరమే యుండెను. తానుండు ఇల్లు ఎత్తుగాను, దేవుని ఇల్లు పొట్టిగాను ఉండుట తగదని పాస్నెట్‌నకు తోచినదనియు, పెద్ద చర్చిని కట్టవలెనను సంకల్పము దానినుండియే పుట్టినదనియు చెప్పుదురు. ఆ సంకల్పమునకు కరవు తోడైనది. కట్టడము పెద్దదైనచో పని పెద్దది. పని పెద్దదైనచో కూలి దొరకు చేతులు అనేకములు.

ఇచట మనమొక ప్రశ్న వేసికొనవలెను. ఆకలిగొన్న జనుల నడుమ లక్షల రూపాయలను రాళ్ళలో పోయుట న్యాయమా? ఆ సొమ్ముతో ధాన్యము కొని పంచరాదా? చెఱువులు త్రవ్వింపరాదా? ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. చెఱువు త్రవ్వినచో నీరు నిలుచును, చేను పండును. చర్చి ఒక్క గింజనైనను పండింపదు. కాని ఆ ధనము ప్రార్థనామందిరము కొఱకై భక్తులిచ్చిన విరాళము. దానిని కరవుసీమలో కూలిగా మార్చుట పాస్నెట్ చేసిన పని. ఈ మార్గమును త్రొక్కినవారిలో ఆయన మొదటివాడును కాడు. లక్నో నగరమున 1784లో కరవు కాలమున నవాబు ఆసఫుద్దౌలా ప్రజలకు పని కల్పించుటకై బడా ఇమాంబారా నిర్మాణమును ఆరంభించెను. ఊరక పంచిన ధాన్యము కొలది నెలలలో తీరును. మెదకు పని పదియేండ్లు సాగినది. కూలి పుచ్చుకొన్నవాడు ఎవరి ముందును చేయి చాపినవాడు కాడు. మంచిచెడ్డలను ఎవరికి తోచినట్లు వారు తూచవచ్చును. మా తక్కెడలో మాత్రము పాస్నెట్ వైపే మొగ్గు కనబడుచున్నది.

చర్చికి నమూనా గీసినవారు ఇంగ్లండులో బోల్టన్ పట్టణమునకు చెందిన బ్రాడ్‌షా, గ్యాస్ అండ్ హోప్ అను శిల్పసంస్థవారు. అందు థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ ఈ పనిని చూచెను. వారు ఎంచుకొన్నది గోథిక్ శైలి. ఇది 12వ శతాబ్దమున ఫ్రాన్సు దేశమున పుట్టి ఐరోపా అంతట వ్యాపించినది. ఇటలీ దేశమున 1386లో మొదలిడి శతాబ్దముల తరబడి కట్టిన మిలాను నగరపు మహామందిరము ఈ శైలికి చెందినదే. 19వ శతాబ్దమున ఆంగ్లేయులు ఈ పాతశైలిని మరల చేపట్టి తమ దేశమునను, తాము పోయిన ప్రతిదేశమునను చర్చిలు కట్టిరి.

ఈ శైలి గొప్పతనమేమో తెలియుటకు మన ఆలయములతో పోల్చి చూడవలెను. ఆలంపురమున తుంగభద్రాతీరమందు బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దములలో నిర్మించిన నవబ్రహ్మాలయములు కలవు. అందు రాతి స్తంభములపై రాతి దూలములు అడ్డముగా పఱవబడినవి. రాయి ఎంత బరువునైనను మోయును గాని వంగలేదు. దూలము మిక్కిలి పొడవైనచో నడుమ పగులును. అందుచేత స్తంభములను దగ్గఱ దగ్గఱగా నిలుపక తప్పదు. గర్భగృహము చుట్టు ప్రదక్షిణము చేసి దేవుని దర్శించు భక్తునకు ఆ ఏర్పాటు చక్కగా సరిపోవును. కాని చర్చిలో జనులందఱు ఒక్కమాఱు కూడి ఒక్కచోట కూర్చుందురు. వారికి విశాలమైన చావడి కావలెను. దూలమునకు బదులు కమాను కట్టినచో ఈ చిక్కు తీరును. కమానులో ప్రతి రాయియు ప్రక్క రాతిని నొక్కుచుండును. నొక్కుటకు రాయి చెక్కుచెదరదు. వంచుటకు మాత్రము ఓర్వదు. కొసదేరిన కమాను అర్ధచంద్రాకారపు కమానుకంటె బరువును నిటారుగా స్తంభములలోనికి దింపును. ఇట్టి కమానులను ప్రక్కటెముకలవలె నిలిపి వాని నడుమ కప్పు వేయుటయే గోథిక్ పద్ధతి. మీరు మెదకు చర్చి లోపల నిలిచి తలయెత్తి చూచినచో ఆ ఎముకలు స్పష్టముగా కనబడును.

చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ముందుభాగమున నున్న గంటగోపురము ఎత్తు 175 అడుగులు. చెక్కి నునుపుచేసిన బూడిదరంగు రాతి స్తంభములు లోపలి భాగమును మోయుచున్నవి. సుమారు 5,000 మంది అందు కూర్చుండవచ్చును. ఇంత పెద్ద చావడిలో మాట మాఱుమ్రోగి చెడకుండుటకై కప్పులో బోలుగా నుండు పదార్థమును వాడిరి. నిర్మాణమునకు సుమారు 14 లక్షల రూపాయలు వ్యయమైనట్లు చెప్పుదురు.

1914లో పని మొదలైనది. ఆ సంవత్సరముననే ఐరోపాలో మొదటి ప్రపంచయుద్ధము చెలరేగెను. ఇట్టి కాలమున సముద్రమునకు ఆవలినుండి విరాళములు తెప్పించుట, వస్తువులు తెప్పించుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. యుద్ధము సాగుకొలది ఇచట ధాన్యము ధరలు, బట్టల ధరలు పేదవారికి అందకపోయెను. 1918లో దేశమున వానలు తప్పెను. ఆ యేడే వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము మనదేశమున కోటికి మించిన ప్రాణములను బలిగొన్నది. కరవును రోగమును ఒక్కసారి మీదపడిన అట్టి దినములలో మెదకున పని నిలిచిపోయినచో ఎవరును ఆశ్చర్యపడి యుండరు. పని నిలువలేదు.

రాతి కట్టడమున నేర్పరియైన శిల్పి యొకడు పనిచేయుటకు నేర్పులేని చేతులు అనేకములు తోడు కావలెను. పునాది త్రవ్వువారు, రాయి మోయువారు, కంకర కొట్టువారు, నీళ్ళు తెచ్చువారు, ఇసుక జల్లించువారు - వీరందఱకు కావలసినది ఒంటిబలమే. పొలమున పనిలేని రైతుకూలి ఇట్టి పనిలో ఆనాడే చేరవచ్చును. తట్ట నెత్తిన బెట్టుకొన్న స్త్రీకిని అందు చోటు కలదు. కరవుపనికి పెద్ద రాతికట్టడమును ఎన్నుకొనుటలోని తెలివి ఇదియే. కమానును కట్టునపుడు మొదట కొయ్యచట్రము నిలిపి, దానిపై ఇరుప్రక్కలనుండి రాళ్ళు పేర్చుచు రావలెను. నడినెత్తిన కడపటి రాయి బిగియువఱకు కమాను తనంతట తాను నిలువలేదు; అది బిగిసిన పిమ్మట చట్రమును తీసివేయవచ్చును. ఈ నేర్పు శిల్పులది. ఆ రాయిని అంత ఎత్తునకు చేర్చినది మెతుకుసీమ కూలీల భుజములు. నమూనా గీసినవారి పేర్లు గ్రంథములలో నిలిచినవి. కూలీల పేర్లు ఏ పలకమీదను లేవు.

గోడలు మనవారివైనను నేల మాత్రము ఇటలీ పనివారిది. ఆఱు రంగుల మొజాయికు పలకలు ఇంగ్లండునుండి ఓడలపై వచ్చెను. వానిని పఱచుటకు ఇటలీనుండి పనివారిని రప్పించిరి. ఇంగ్లండు పలకలకు ఇటలీ పనివారెందుకని మీరడుగవచ్చును. చిన్న చిన్న తునకలను కూర్చి చిత్రము చేయు విద్య ఇటలీవారికి తరతరములనాటిది. రావెన్నా నగరమున 6వ శతాబ్దమునాటి చర్చిల గోడలపై అట్టి తునకల చిత్రములు నేటికిని మెఱయుచున్నవి. వెనిసు నగరమున సెయింట్ మార్క్ మందిరపు నేల రంగురాళ్ళ ముగ్గువలె నుండును. ఆ దేశపు ఉత్తరభాగమునుండి నేలపని నేర్చినవారు ఉలి, సుత్తి పట్టుకొని పొట్టకూటికై దేశదేశములకు పోవుచుండిరి. మన పాలమూరువారు ఆనకట్టలకు పోయినట్లే వారును పోయిరనుకొనవచ్చును. మొజాయికు పనిలో తొందర పనికిరాదు. మొదట నేలను మట్టము చేయవలెను. పిమ్మట నమూనాను నేలపై గీసి, తడి పఱుపుమీద తునకను తునకతో సందు కనబడకుండ కూర్పవలెను. గది యొక మూలన వెండ్రుకవాసి తప్పినచో రెండవ మూలకు చేరునప్పటికి తప్పు జానెడగును. ఏసుక్రీస్తు పుట్టిన దేశము చూడని మెదకు రైతు, ఇటలీ చూడని మెదకు కూలి నూఱేండ్లుగా ఆ నేలపై మోకరించుచున్నారు.

1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడు, చర్చికి ప్రతిష్ఠ జరిగినది. అప్పటికి పాస్నెట్ మెదకు చేరి ఇరువదియెనిమిదేండ్లు గడచినవి. గుఱ్ఱముపై వచ్చిన యువకుడు ఏబదినాలుగేండ్ల పెద్దవాడయ్యెను.

రోము నగరపు వాటికన్ తరువాత లోకమున పెద్దది మెదకు చర్చియేనని కొందఱు గొప్పగా చెప్పుదురు. భవనపు కొలతలకు ఆ మాట నిలువదు. వాటికనులోని సెయింట్ పీటర్ మందిరపు లోపలి పొడవే 600 అడుగులకు మించును. దాని గుమ్మటము 440 అడుగులకు పైగా ఎత్తైనది. మెదకు చర్చి అందములో ఎవరికిని తీసిపోదు. లేని కొలతలు దానికి తగిలించుట అనవసరము. సెయింట్ పీటరుతో పోల్చదలచినచో వేఱొక విధముగా పోల్చవచ్చును. ఆ మందిరమునకు 1506లో పునాది వైచిన బ్రమాంటే అను శిల్పి అది లేచుట చూడకయే 1514లో మరణించెను. డెబ్బదియేండ్లు దాటిన వయస్సున ఆ పని తలకెత్తుకొన్న మైకెలాంజెలో, గుమ్మటము పూర్తికాక పూర్వమే 1564లో కన్నుమూసెను. ప్రతిష్ఠ 1626లో జరిగినది. పాస్నెట్ పదియేండ్లలోనే తన చర్చి గడపను దాటి లోపలికి నడచెను.

అయినను లోపలి అలంకరణ అప్పటికి పూర్తికాలేదు. చర్చికి మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలు కలవు. క్రీస్తు పరలోకమునకు ఎగసిపోవు చిత్రము పూజాపీఠము వెనుకను, ఆయన జననము ఒక ప్రక్కను, సిలువ మరణము మఱియొక ప్రక్కను ఉన్నవి. వీనిని చిత్రించినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ అను ఆంగ్ల చిత్రకారుడు. ఇంగ్లండు రాజుల చిత్తరువులు వ్రాసి ప్రసిద్ధికెక్కిన ఈయన బాల్యమున అన్నగారి అద్దాల కర్మాగారములోనే పని నేర్చినవాడు. రంగుటద్దముపై చిత్రము గోడపై చిత్రమువంటిది కాదు. రంగురంగుల గాజును నమూనా ప్రకారము ముక్కలుగా కోసి, ముఖములు, మడతలు మున్నగువానిని గాజుపొడి కలిపిన రంగుతో దిద్ది, కొలిమిలో కాల్తురు. కాలినపిమ్మట రంగు గాజులో కలిసిపోవును. అటుపై ముక్కలన్నిటిని సీసపు బద్దెలతో కూర్చి కిటికీలో నిలుపుదురు. వెనుకనుండి ఎండ పడినప్పుడే ఈ చిత్రములకు జీవము. రాత్రివేళ లోపల నెన్ని దీపములు వెలిగించినను అవి నల్లని అద్దములే. కావున మెదకు పోవువారు పగటివేళ పోవుట మేలు.

పాస్నెట్ నాలుగు దశాబ్దములు ఈ సీమలో గడపెను. ఆయన జీవించియుండగనే ఒక పెద్ద మార్పు జరిగినది. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో ఆంగ్లికను, మెథడిస్టు మున్నగు సంఘములు కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడెను. మెదకు దాని మండలములలో నొకటియైనది. బిషపు పీఠమున్న చర్చినే కెథీడ్రల్ అందురు. పాస్నెట్ సంఘమువారికి బిషపులు లేరు. ఆయన కట్టించినది పేరునకు చర్చి మాత్రమే. 1947లో బిషపు పీఠము వచ్చిన పిమ్మటనే అది కెథీడ్రల్ అను గౌరవమును పొందినది.

ఆయన 1950లో మరణించెను. మూడు కిటికీలలో మొదటిది 1927లోను, రెండవది 1947లోను అమరినవి. సిలువ చిత్రము గల మూడవ కిటికీ 1958లో, ఆయన గతించిన ఎనిమిదేండ్లకు, చర్చికి చేరినది.